అక్క దించిన శ్రుతి

అక్క ఫోను ఇప్పుడు నా దగ్గరుంది. ఆమె దగ్గర సంగీతం నేర్చుకున్న పిల్లల తల్లులు ఇంకా చేస్తూనే ఉన్నారు. "మేడం ఉన్నరా?" అంటారు. "లేరమ్మా" అంటాను. "ఎప్పుడొస్తరు?" అని అడుగుతారు. వాళ్ల తప్పు కాదు. లేరు అనే మాటకు మనకు రెండర్థాలున్నాయి. ఏ అర్థంలో అన్నామో గొంతును బట్టి తెలియాలి. నా గొంతులో తెలియడం లేదు. మొన్న మహబూబాబాద్ నుంచి ఒకామె చేసి "ఆదివారం క్లాసు మల్ల ఉంటదా?" అని అడిగితే "ఉండదు" అని మాత్రం చెప్పి పెట్టేశాను. మళ్లీ వెళ్లి బెండకాయలు తరుక్కున్నాను.

ఆమె నాకు తోటికోడలు. మా వైపు ఏరాలు అంటారు. మా ఆయన అన్న భార్య. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆమె వచ్చి చాలా ఏళ్లయింది. కొత్త కోడలిగా నాకు ఆమె గురించి అందరూ చెప్పిన సంగతి ఒక్కటే: "మీ అక్కకు ఫిడేలు వస్తది, మాటలు రావు."

మాటలు రాకపోవడం కాదు. ఒక్క మాటతో చాలా పనులు జరుపుకునేది. "ఉండనీ" అనేది ఆ మాట. కూరలో ఉప్పెక్కువైందంటే ఉండనీ. బస్సు వెళ్లిపోయిందంటే ఉండనీ. శిష్యుడు స్వరం తప్పితే "ఉండనీ, మల్ల". ఎవరైనా ఎంతో బాగా వాయించారని పొగిడినా అదే ఉండనీ. ఏ ఉండనీకి ఏం అర్థమో తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. కోపం వస్తే మాత్రం ఆ మాట కూడా ఉండేది కాదు. దండెం మీది బట్టలు తెచ్చి మడతపెట్టేది. ఉతికినవి అయిపోతే మడతపెట్టి ఉన్నవాటినే విప్పి మళ్లీ మడతపెట్టేది.

మహబూబాబాద్‌లో రైల్వే ఉద్యోగి బిడ్డ. పెళ్లిచూపుల నాడు ఫిడేలు వాయించి చూపమంటే, తీగలు సరిచేసుకుంటూ కూర్చుందట. అవి సరిపడేసరికి పెళ్లివారు టీలు తాగి, పల్లీలు తిని లేచి నిలబడ్డారట. ఒక్క పాట కూడా వినకుండానే సంబంధం కుదిరింది. మా బావ ఈ కథ చెప్పిన ప్రతిసారీ మేమెవరం నవ్వకపోయినా తానొక్కడే పడీ పడీ నవ్వేవాడు. అక్క అతని వంక చూసేది, నవ్వేది కాదు, కానీ కథ అయ్యేదాకా అక్కడి నుంచి లేచేది కాదు.

బస్సులో ఎప్పుడూ చివరి సీటు. ఫిడేలు పెట్టెను రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టి, వాంతికి వచ్చే పిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకునేది. "ఏమున్నదమ్మా పెట్టెల?" అని కండక్టరు అడిగితే "చెక్క" అనేది. అబద్ధం కాదు కదా.

కూర్చుని కుడి పాదం చీలమండ మీద ఫిడేలు తల ఆనించి వాయించేది కాబట్టి అక్కడ రూపాయి బిళ్లంత కాయ కాసింది. పెళ్లిళ్లలో, చావుల్లో, ఊళ్లో భూమి పంచాయితీ జరుగుతున్నప్పుడు, చుట్టూ ఎవరు ఏం అరుస్తున్నా ఆమె మొహం కదిలేది కాదు. కుచ్చిళ్ల కింద కాలివేలు మాత్రం కదిలేది. వెండి మెట్టె పైకీ కిందికీ ఆడేది. నేను దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. పంచాయితీ ఏం తేలిందో నాకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

బావది భూపాలపల్లిలో బొగ్గు గనుల ఆఫీసులో ఉద్యోగం. వాళ్లు అక్కడ కాలనీ క్వార్టర్‌లో ఉండేవారు. పిల్లలు లేరు. సెలవుల్లో నేను వెళ్లి రెండు మూడు రోజులు ఉండేదాన్ని. కిటికీ చెక్క మీద రోజూ నల్లటి దుమ్ము పేరుకునేది. ఆమె ముందు ఫిడేలు తుడిచి, తర్వాత కిటికీ తుడిచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సాధన. ఆ వేళకే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేసేవారు. ముందు సైరన్ మోగేది. సైరన్ రాగానే ఆమె కమాను తీగ మీంచి లేపి, గాలిలో అలాగే పట్టుకునేది. కాసేపటికి నేల అదిరేది, గిన్నెల మీద మూతలు గలగలమనేవి. అవి ఆగాక కమాను దించి, ఏ స్వరం దగ్గర ఆపిందో ఆ స్వరం నుంచే మొదలుపెట్టేది. నేను వెళ్లిన ప్రతిసారీ ఇది చూశాను. ఒక్కసారీ విసుక్కోలేదు. "ఎట్ల ఓపిక పడ్తవక్కా?" అంటే, "అది గూడ తాళమే. జర పెద్దది" అంది.

బావ ఆఫీసులోనే కుప్పకూలి పోయాడు. గుండెపోటు. జనగామకు తెచ్చి మా ఇంటి ముందు పడుకోబెట్టారు. అక్క పక్కన కూర్చుంది. చొక్కా పై గుండీ ఊడి ఉంటే పెట్టింది. మాకు పొలాలున్న లింగాల ఘనపూర్ నుంచి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఆమె ఏడుపు కోసం ఎదురుచూశారు. పెద్దావిడ ఒకామె ఆమె భుజాలు పట్టి కదిపింది.

"ఏడువు బిడ్డా. ఏడువకుంటె గుండె పలుగుతది."

"వస్తలేదు పెద్దమ్మా" అంది అక్క.

ఎంత మామూలుగా అందంటే, నల్లాలో నీళ్లు వస్తలేవని చెప్పినట్టు ఉంది. ఆ మాట ఊరంతా తిరిగింది. కొందరు గుండె రాయి అన్నారు. కొందరు పిల్లలు లేకపాయె, ప్రేమ ఎక్కడిది అన్నారు. మా అత్తమ్మ కూడా ఎక్కువ ఏడవలేదు. పెద్దకొడుకు పోయాక ఆమెకు నిద్ర దూరమైంది. పగలూ రాత్రీ గోడకానుకుని కళ్లు తెరుచుకుని కూర్చునేది.

క్వార్టర్ ఖాళీ చేసి అక్క మా దగ్గరికి వచ్చేసింది. ఫిడేలు పెట్టె మంచం కిందికి వెళ్లింది. పని చేసేది, తినేది, పడుకునేది. వేలికి మెట్టె లేదు. వేలు కూడా కదలడం లేదు. పిల్లల తల్లులు క్లాసుల కోసం అడిగితే "చూద్దాం" అనేది. ఉండనీ అనడం కూడా తగ్గించింది.

నేను తరిగొప్పుల దగ్గర బడిలో సైన్సు చెప్తాను. పదో తరగతికి ధ్వని పాఠం చెప్పాలి. పిల్లలకు చూపడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఇంట్లో ఫోన్‌లో వెతుకుతుంటే ఒక వీడియో తగిలింది. నక్షత్రం ఎప్పుడూ సన్నగా కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనం మన చెవికి అందేది కాదు, చాలా కింద ఉంటుంది. దాని వెలుగులో వచ్చే వణుకును కొలిచి, మనకు వినబడేంత పైకి తెచ్చి, శబ్దంగా మారుస్తారు. వీడియోలో ఆ శబ్దం ఉంది. దూరంగా ఎవరో నిండు బిందె అంచు మీద వేలు రాస్తున్నట్టు ఉంది. అక్క వంటింట్లోంచి చేతికి పిండితోనే వచ్చింది.

"ఏందది?"

"నక్షత్రమక్కా. దాని సప్పుడు."

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. మళ్లీ. ఆమె చేయి కడుక్కుని వెళ్లి, మంచం కింది నుంచి పెట్టె లాగింది. తీగలు వదులైపోయి ఉన్నాయి. బిగించింది, కమాను సవరించింది, నా ఫోను పక్కన కూర్చుని ఆ శబ్దాన్ని వెతికింది. చాలాసేపటికి పట్టుకుంది. "రెండు స్వరాల నడుమల ఉన్నది. హార్మోనియంల దీనికి జాగలేదు. దీంట్ల ఉన్నది" అంది ఫిడేలు మెడ తట్టి. బావ పోయాక ఆ ఇంట్లో ఆమె మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

అదే వీడియో కింద ఒక ప్రకటన ఉంది. స్పెయిన్ దేశానికి చెందిన ఒక దీవిలో, సముద్రం నడుమ కొండ మీద, నక్షత్రాలను చూసే కేంద్రం. ఏటా ఒక సంగీతకారుణ్ణి పిలిచి రెండు నెలలు అక్కడ ఉంచుకుంటారట. తిండి, వసతి, రానుపోను ఖర్చు వాళ్లదే. నక్షత్రాల మీద పనిచేసే వాళ్లతో కూర్చుని, వాళ్ల పని చూసి, ఏదైనా కొత్తగా కట్టాలి. నేను ఊరికే చదివి వినిపించాను. అక్క "రాయి" అంది. ఇంగ్లీషు నాది, వాయిద్యం ఆమెది. పంపి మర్చిపోయాం. వాళ్లు పిలిచారు.

వెళ్లాల్సిన నెలల్లోనే బావ సంవత్సరీకం పడింది. మా ఆయన జనగామలో ఎరువుల దుకాణం నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు, నలుగురి నోటికి భయపడతాడు. సంగతి తెలిసి అన్నం ముందు నుంచి లేచాడు.

"సంవత్సరీకానికి ఇంట్ల ఉండవా వదినె? జనం ఏమనుకుంటరు? ఊళ్లె నేను తలెత్తుకొని తిరుగొద్దా?"

అక్క బట్టలు మడతపెడుతోంది.

"చేసేది నువ్వే గద తమ్మీ. నాది కూసునుడే గద. అక్కడ కూసుంట."

"సూడే అమ్మా, ఎట్ల మాట్లాడుతుందో!"

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "పోనీరా. ఈడుంటె మాత్రం ఏం మాట్లాడుతాంది?" అంది.

అంతటితో అయిపోయింది. అతను కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, దరఖాస్తు రాసింది నేనే కాబట్టి. విమానాశ్రయానికి మాత్రం తానే కారులో దింపాడు. దిగేటప్పుడు ఆమె సంచిలోకి చింతకాయ తొక్కు సీసా ఒకటి తోశాడు. ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు.

అక్కడి నుంచి అక్క నా బడి భోజన విరామంలో ఫోను చేసేది. మాకు మధ్యాహ్నం, ఆమెకు పొద్దున. చెప్పేది కొంచెమే, నేను అడిగి రాబట్టుకునేదాన్ని. మబ్బులు కొండ కింద ఉంటాయట, ఆమె ఉన్న గది వాటికి పైన. అక్కడి వాళ్లు రాత్రంతా పనిచేసి పగలు పడుకుంటారు కాబట్టి పగలంతా చప్పుడు చేయొద్దని తలుపు తలుపుకూ రాసిపెట్టారట. "వాయించనీకి పిలిచి సప్పుడు చెయ్యొద్దంటరు" అంది. చివరికి మంటలార్పే బండి పెట్టే షెడ్డు ఇచ్చారు. ఆమె ఆ బండి పక్కన చాప పరుచుకుని సాధన చేసేది.

"దుర్బిణిల చూసినవా అక్కా?"

"కన్ను పెట్టి చూసేది కాదంట. మన నక్షత్రం సూపియ్యుమంటె గీతలు సూపిస్తరు."

ఆమెకు తోడుగా ఒక శాస్త్రవేత్తను ఇచ్చారు. నడివయసు దాటిన ఆడమనిషి. "నాకు రాని ఇంగ్లీషు, ఆమెకు రాని ఇంగ్లీషు సరిపోయినయ్" అనేది అక్క. ఆవిడే ఒకరోజు చెప్పిందట, నక్షత్రానికి వయసు మళ్లి ఉబ్బేకొద్దీ దాని శ్రుతి దిగుతూ వస్తుందని. ఒక్కసారిగా కాదు, మనిషి బతుకులో తెలిసేంత వేగంగా కాదు. దిగుతూనే ఉంటుంది.

ఆ సంగతి చెప్పిన రోజు అక్క మామూలు కన్నా ఎక్కువసేపు ఫోను పట్టుకుంది. బడి గంట కొట్టాక పెట్టేశాను.

సంగీతం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మన కచేరీలో అన్నీ మారొచ్చు, రాగం మారొచ్చు, తాళం మారొచ్చు. మొదట ఏ శ్రుతి పెట్టుకున్నామో అది మాత్రం చివరిదాకా కదలకూడదు. నేల లాంటిది అది. చిన్నప్పటి నుంచి అక్క నేర్చుకున్నదంతా ఆ నేలను కదలనివ్వకపోవడమే. ఇప్పుడు ఆమె దాన్నే దించాలనుకుంది. వాయిస్తూ వాయిస్తూ, వినేవాడికి ఎక్కడా తెలియకుండా, మొదలైన చోటికీ ముగిసిన చోటికీ నడుమ ఒక అంతస్తు దిగిపోయి ఉండాలి. దాని కోసం అక్కడ ఒకాయన ఆమె ఫిడేలుకు చిన్న పళ్లచక్రాలున్న బిరడలు, అంటే తీగలు బిగించే మేకులు, అమర్చి ఇచ్చాడు. వాటిని ఎంత తిప్పినా తీగ కొంచెమే వదులవుతుంది. కానీ ఇబ్బంది బిరడలది కాదు.

"చెయ్యి ఒప్పుకుంటలేదే" అంది ఒకరోజు. "శ్రుతి జర దిగంగనే వేలు దానంతటదే పైకి వోయి సరిచేస్తాంది. నేను దించుతాన్న, అది ఎక్కిస్తాంది."

వారాలు అలాగే గడిచాయి. ఏమీ కాకుండానే తిరిగి వస్తుందనుకున్నాను.

సంవత్సరీకం నాడు ఇక్కడ మా ఆయన పిండాలు పెట్టాడు. వచ్చినవాళ్లు పెద్దకోడలు ఏదని అడిగారు. అత్తమ్మ "పని మీద వోయింది" అని అందరికీ ఒకే జవాబిచ్చింది. అక్క ఆ రోజు ఫోను చేయలేదు. మర్నాడు చేసింది.

"నిన్న కూసున్న" అంది. "పొద్దున కూసుంటె మాపటిదాక. చెయ్యి ఒప్పుకున్నది."

"ఏడుపొచ్చిందా అక్కా?"

"లే. ముక్కు కారింది. సలికి."

చివర్లో అక్కడి వాళ్ల ముందు వాయించింది. శాస్త్రవేత్తలు, వంటాయన, బండి నడిపేవాళ్లు. ఏమన్నారని అడిగితే, "ఏమనలే. అయిపోయినంక ఒకాయన లేచి తలుపు తెరిచిండు, గాలికి" అంది.

జనగామకు వచ్చాక మా ముందర గదిలో మాకోసం వాయించింది. నేను, మా ఆయన, అత్తమ్మ. ఒక స్వరం పట్టుకుని దాని చుట్టూనే తిరుగుతోంది. దాన్ని వదిలి కొంచెం దూరం పోవడం, మళ్లీ దాని దగ్గరికి రావడం. పాట ఏదీ లేదు. చాలాసేపయ్యాక అత్తమ్మ నా వైపు వంగి, "ఇంకా షురూ చెయ్యలేదా?" అంది. మా ఆయన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తీయలేదు. దాదాపు ముప్పావుగంట తర్వాత అక్క కమాను దించింది.

మా ఆయనకు సంగీతం ఏమీ తెలియదు. అతనే అడిగాడు. "మొదలువెట్టినప్పుడు ఒక తీరుండె. ఇప్పుడు ఇంకో తీరుగున్నది. ఎక్కడ మారింది వదినె?"

"ఎక్కడ మారలే" అంది అక్క. "దిగుకుంట వచ్చింది."

అత్తమ్మను చూస్తే గోడకానుకుని, నోరు కొంచెం తెరుచుకుని, నిద్రపోతోంది. కొడుకు పోయాక ఆమె పగటిపూట కళ్లు మూయడం నేను చూడలేదు. దుప్పటి కప్పబోతే అక్క "ఉండనీ" అంది. మేం ముగ్గురం వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాం.

ఆ చలికాలం మహబూబాబాద్‌లో ఏటా జరిగే సంగీత సభలో ఆమెకు కచేరీ ఇచ్చారు. సొంత ఊరు, విదేశం వెళ్లొచ్చిన మనిషి. బ్యానర్ కట్టారు. నేనూ వెళ్లాను. వేదిక ఎక్కగానే అక్క శ్రుతిపెట్టె ఆపేసింది. కరెంటు పోయిందనుకుని నిర్వాహకులు వైర్లు చూశారు. వరంగల్ నుంచి వచ్చిన మృదంగం ఆయనకు ముందే చెప్పిందట, "దిగుత. వీలైనంత దాక రాండ్రి" అని. ఆయనకు అర్థమైనట్టు లేదు. మృదంగం ఒక శ్రుతికి బిగించి ఉంటుంది. కొంతసేపు బాగానే నడిచింది. తర్వాత ఆయన వాద్యం వంక చూసుకున్నాడు. శ్రుతి సరిచేసుకునే రాయి తీసి అంచు మీద తట్టాడు. మళ్లీ వాయించాడు. మళ్లీ తట్టాడు. అక్క ఇంకా దిగుతోంది. చివరికి ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

జనంలోంచి ఎవరో అరిచారు. "శ్రుతి సూస్కోండ్రి మేడం!"

నిర్వాహకుడు వేదిక అంచుకు వచ్చి వంగాడు. "అమ్మా, తీగలు దిగినయ్. జర సరిచేస్కోండ్రి."

అక్క తలూపింది, వాయిస్తూనే ఉంది. కాసేపటికి మైకు ఆగిపోయింది. కుర్చీలు కదిలాయి. ఆమె శిష్యుల తల్లిదండ్రులు ముందు వరసలో ఉన్నారు, వాళ్లు లేవలేక, చూడలేక తలలు వంచుకున్నారు. మైకు లేకుండానే ఆమె చివరిదాకా వాయించింది. దగ్గరున్న వాళ్లకే వినబడింది. శాలువా కప్పడం మాత్రం మానలేదు. కప్పిన పెద్దాయన ఆమె చెవి దగ్గర ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు.

తిరుగు రైల్లో ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాం. శాలువా మడిచి ఫిడేలు పెట్టె కింద పెట్టుకుంది. డోర్నకల్ వైపు వెళ్లే గూడ్సు ఒకటి ఎదురొచ్చి చాలాసేపు పోయింది. అది పోయాక అంది.

"మృదంగమాయన మంచోడు. సగందాక వచ్చిండు."

"బాధైతలేదా అక్కా?"

పొట్టు తీసి గింజలు నా చేతిలో పోసింది. "ఎక్కడనో ఐతాంది గావచ్చు. ఇంకా నాదాక రాలే."

ఆ తర్వాత కచేరీలకు ఎవరూ పిలవలేదు. క్లాసులకు రావడం కొందరు మానేశారు, కొందరు వచ్చారు. ఆదివారం మహబూబాబాద్, మిగతా రోజులు జనగామ. పిల్లలకు మాత్రం కదలని శ్రుతే నేర్పింది. ఎవరైనా ఆ దిగే పాట నేర్పమంటే, "ముందు నిలవడుడు రానీ" అనేది.

ఏడాది తిరగలేదు, పక్షవాతం వచ్చింది. స్నానాల గదిలో పడింది. హనుమకొండ దవాఖానలో చాలా రోజులున్నాం. ప్రాణం నిలిచింది, ఎడమ పక్క పోయింది. ఎడమ కాలు కొంత తిరిగివచ్చింది, చెయ్యి రాలేదు. మాట ముద్దగా వచ్చేది, మాకు అలవాటైంది. క్లాసులు ఆగిపోయాయి, పిల్లల తల్లులు అడిగితే మళ్లీ చూద్దాం అనేది. మా ఆయన దుకాణం నుంచి వచ్చి రోజూ ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చాపేవాడు, వ్యాయామం చెప్పినాయన చూపినట్టు. "తెలుస్తుందా వదినె?" అనేవాడు. ఆమె లేదన్నట్టు తలూపేది. మర్నాడు మళ్లీ అడిగేవాడు.

పోయిన నెలలో రెండోసారి వచ్చింది. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి లేకపోయింది. పొద్దున టీ ఇస్తే సగం తాగింది, అంతే. కార్యాలన్నీ అయ్యాయి. ఏడుస్తానేమోనని నన్నూ నలుగురూ చూశారు, నేను వంటవాళ్లకు సామాన్లు తీసిస్తూ తిరిగాను.

పోయేముందు ఎండాకాలం సంగతి ఒకటుంది. బడికి సెలవులు. మధ్యాహ్నం, కూలర్ తిరుగుతోంది. అక్క కుర్చీలో కూర్చుని మంచం వైపు చూపించి "పెట్టె తియ్యి" అంది. తీశాను. కింద కూర్చోలేకపోయేది కాబట్టి ఫిడేలు ఆమె ఒళ్లో దిండు మీద పెట్టి, దాని తలను నా భుజానికి ఆనించుకున్నాను. కుడి చేతికి కమాను ఇచ్చాను. ఆ చెయ్యి బాగానే ఉంది. వేళ్లు పెట్టని ఖాళీ తీగ మీద కమాను లాగింది. గది నిండా ఒక్క స్వరం. అటు లాగింది, ఇటు లాగింది. తర్వాత గడ్డంతో నా చేతి దగ్గరి బిరడను చూపించింది.

"దించు."

తిప్పాను. స్వరం ఒక్కసారి జారింది.

"జల్ది చేస్తున్నవ్. మెల్లగ."

"ఎంత మెల్లగ అక్కా?"

"తిప్పుతున్నవని నీకే తెల్వద్దు."

ఆ సెలవులంతా మధ్యాహ్నాలు అదే పని. నాకు సంగీతం పట్టే చెవి లేదు. నేను ఎంత దించానో, సరిగ్గా దించానో లేదో నాకు తెలిసేది కాదు. ఆమె కనుబొమ్మలు చూస్తూ తిప్పేదాన్ని. మొదట్లో వేళ్లు నొప్పి పుట్టేవి. తర్వాత నొప్పి పోయింది, వేళ్లున్నాయన్న సంగతే పోయింది. అత్తమ్మ గోడ దగ్గర పడుకునేది. మా ఆయన అన్నానికి వచ్చి, గుమ్మంలో చెప్పులు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడి, తనే వడ్డించుకుని తిని వెళ్లేవాడు.

ఎప్పుడూ ఒకచోట ఆమె చాలనేది, నేను తీగ మళ్లీ బిగించేదాన్ని. సెలవుల ఆఖరి రోజు చాలనలేదు. తీగ బాగా వదులైంది. స్వరం గరగరలాడింది, తర్వాత అదీ పోయింది. కమాను వెంట్రుకలు తీగ మీద రాసుకునే సద్దు మాత్రం మిగిలింది, ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. అక్క కమాను ఆపలేదు. అటూ ఇటూ అదే నిదానంతో లాగుతోంది. కూలర్ ఆపమని కళ్లతో చెప్పింది. చెయ్యి చాపి ఆపాను.

"వినవడ్తుందా?" అంది.

"లేదక్కా."

"నాకు వినవడ్తుంది. జర ఆగు."

బిరడ మీద వేళ్లు అలాగే పెట్టుకుని ఆగాను.